ఒకే పాటలో రెండు రాగాలు: స్వరాలు కలిసే చోట ఉన్న లెక్క

హార్మోనియం లేదా కీబోర్డు మీద నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. ఒక స్థాయిలో అవి మొత్తం ఐదు. తెల్ల మెట్ల జోలికి పోకుండా, మూడు మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జంగా తీసుకుని పైకి వాయించుకుంటూ వెళితే మోహన రాగ స్వరాలు వినిపిస్తాయి. అదే గుంపులో రెండో మెట్టును షడ్జం అనుకుంటే మధ్యమావతి, మూడోదాన్ని అనుకుంటే హిందోళం వస్తాయి. పక్కనున్న రెండు మెట్ల గుంపులో మొదటిదాని నుంచి శుద్ధసావేరి, రెండోదాని నుంచి శుద్ధధన్యాసి పలుకుతాయి. వేళ్లు తాకినవి ప్రతిసారీ ఆ ఐదు మెట్లే. మారిందల్లా షడ్జం ఎక్కడ ఉందన్నదే. కర్ణాటక సంగీతంలో దీన్ని గ్రహభేదం అంటారు.

ఒక పాటలో ఒకటి కంటే ఎక్కువ రాగాలను కలపడం మన సంగీతానికి కొత్త కాదు. రాగమాలికలు ఉన్నాయి, హిందుస్తానీలో జోడు రాగాలు ఉన్నాయి, సినిమా పాటల్లో పల్లవి ఒక రాగంలోనూ చరణం మరో రాగంలోనూ సాగడం అందరికీ పరిచయమే. అయితే కొన్ని కలయికలు అతుకు తెలియకుండా సాగిపోతాయి, కొన్ని చెవికి ఇబ్బంది కలిగిస్తాయి. ఈ తేడా కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. దాని వెనుక తీగల కంపనాలు, కొన్ని భిన్నాల లెక్క, మన చెవి పనిచేసే తీరు ఉన్నాయి.

స్వరం అంటే ఒక నిష్పత్తి

సెకనుకు 240 సార్లు కంపించే ధ్వనిని, అంటే 240 హెర్ట్జ్ పౌనఃపున్యం ఉన్నదాన్ని, మన షడ్జంగా తీసుకుందాం. తంబూరా తీగను ఈ శ్రుతికి బిగించి మీటినప్పుడు అది 240 హెర్ట్జ్‌తో మాత్రమే మోగదు. దానితోపాటు 480, 720, 960, 1200 హెర్ట్జ్‌ల వద్ద కూడా సన్నని ధ్వనులు పుడతాయి. వీటిని అనుస్వరాలు అంటారు. తంబూరా బ్రిడ్జి వంపుగా ఉండటం, తీగకూ బ్రిడ్జికీ మధ్య నూలుపోగు పెట్టడం వల్ల ఈ అనుస్వరాలు చాలా బలంగా వినిపిస్తాయి. తంబూరా, వీణల ఈ ప్రత్యేకతను సి.వి. రామన్ 1921లో శాస్త్రీయంగా వివరించారు.

ఈ అనుస్వరాల్లో మూడోది 720. దాన్ని ఒక స్థాయి కిందికి దించితే 360 వస్తుంది. షడ్జానికి అది ఒకటిన్నర రెట్లు, అంటే 3/2. అదే మన పంచమం. ఐదోది 1200. దాన్ని రెండు స్థాయిలు దించితే 300. షడ్జానికి 5/4 రెట్లు. అది అంతర గాంధారం. అంటే తంబూరా మోగుతున్నంతసేపూ షడ్జంలోనే పంచమం, గాంధారం దాగి ఉంటాయి. గాయకుడు ఆ చోట్లలో కచ్చితంగా నిలిస్తే రెండు ధ్వనులూ కరిగిపోయినట్టు ఉంటాయి.

కొద్దిగా తప్పితే ఏమవుతుంది? గాంధారం 300కు బదులు 302.4 దగ్గర పలికిందనుకుందాం. దాని నాలుగో అనుస్వరం దాదాపు 1209.5 హెర్ట్జ్. షడ్జం ఐదో అనుస్వరం 1200. రెండూ దగ్గర దగ్గరగా ఉండటంతో ధ్వని సెకనుకు తొమ్మిది పది సార్లు పెరుగుతూ తగ్గుతూ వణుకుతుంది. భౌతికశాస్త్రంలో వీటినే విస్పందనాలు అంటారు. శ్రుతి చేసేటప్పుడు విద్వాంసులు చెవి ఒగ్గి వినేది ఈ వణుకు ఎప్పుడు ఆగుతుందా అనే.

షడ్జం కదలకుండా రాగం మారితే

రాగాలను కలిపే మొదటి పద్ధతిలో షడ్జం ఉన్నచోటే ఉంటుంది, మిగిలిన స్వరాలు మారతాయి. రాగమాలిక అంటే ఇదే. ముత్తుస్వామి దీక్షితులు 14 రాగాలతో 'శ్రీ విశ్వనాథం' కూర్చారు. ఆయన తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళాలతో ఒక మాలికను తెలుగులోనే రచించారు.

ఇక్కడ ఏ రెండు రాగాలు ఎంత దగ్గర అన్నది లెక్కపెట్టి చెప్పవచ్చు. వేంకటమఖి 17వ శతాబ్దంలో 'చతుర్దండి ప్రకాశిక'లో చూపిన మేళకర్త పద్ధతి దీనికి మంచి ఆధారం. షడ్జ పంచమాలు స్థిరం. రిషభ గాంధారాలను ఆరు జతలుగా, ధైవత నిషాదాలను ఆరు జతలుగా ఎంచుకోవచ్చు. మధ్యమాలు రెండు. ఆరును ఆరుతో, ఆ వచ్చినదాన్ని రెండుతో గుణిస్తే 72 మేళాలు.

శంకరాభరణానికీ కల్యాణికీ తేడా మధ్యమం ఒక్కటే. శంకరాభరణానికీ మాయామాళవగౌళకూ తేడా రెండు స్వరాలు: రిషభం, ధైవతం. అదే శంకరాభరణం నుంచి తోడికి వెళ్లాలంటే రిషభం, గాంధారం, ధైవతం, నిషాదం నాలుగూ మారాలి. ఉమ్మడి స్వరాలు ఎక్కువైతే వాటి మీదుగా నడిచే సంచారం ఒకటి వేసి, వినేవారికి తెలియకుండానే రెండో రాగంలోకి జారవచ్చు. ఉమ్మడి స్వరాలు తక్కువైతే ఆ మార్పు తలుపు తెరిచినట్టు స్పష్టంగా వినిపిస్తుంది. రెండూ పనికొచ్చేవే. ఏది కావాలో బాణీ కట్టేవారు ముందే నిర్ణయించుకోవాలి.

రాగమాలికల్లో వెనక్కి తిరిగి రావడం కూడా ఒక ముఖ్యమైన ఏర్పాటు. దీక్షితుల 14 రాగాల కృతిలో ముందుకు నడిచిన రాగాలే చివరకు తిరుగు వరుసలో చిన్న చిన్న స్వరభాగాలుగా వచ్చి, మొదటిదైన శ్రీరాగంలో కలుస్తాయి. అలా కట్టిన మాలిక వినేవారికి విడివిడి పూసల్లా కాక ఒకే దండలా అనిపిస్తుంది.

కింద ఒకటి, పైన ఒకటి

రెండో పద్ధతిలో ఒక స్థాయిని రెండు భాగాలుగా విడదీస్తారు. షడ్జం నుంచి మధ్యమం వరకు పూర్వాంగం, పంచమం నుంచి పై షడ్జం వరకు ఉత్తరాంగం. హిందుస్తానీలోని అహిర్ భైరవ్‌లో పూర్వాంగం భైరవ్‌ది, ఉత్తరాంగం కాఫీ తరహాది. ఆ స్వరాలే కర్ణాటక పద్ధతిలో చక్రవాక మేళం. పూరియా కల్యాణ్‌లో కిందిభాగం పూరియా నుంచి, పైభాగం కల్యాణ్ నుంచి వస్తాయి. దాని స్వరాలు మన గమనశ్రమ మేళానివి.

ఈ అతుకు ఇంత బాగా కుదరడానికి ఒక కారణం ఉంది. షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి నిష్పత్తి 4/3. పంచమం నుంచి పై షడ్జానికీ నిష్పత్తి 4/3. మధ్యమ పంచమాల నడుమ ఉన్న ఎడం 9/8. ఈ మూడింటినీ గుణిస్తే సరిగ్గా 2, అంటే ఒక స్థాయి. రెండు భాగాలూ ఒకే కొలత కాబట్టి ఒకదాని పైభాగాన్ని తీసి మరోదాని పైభాగాన్ని అమర్చినా ఇల్లు కూలదు. ప్రతి మధ్యమం ఉన్న రాగాల్లో ఈ సమానత్వం ఉండదు. అక్కడ పంచమం ఒక్కటే రెండు భాగాలను పట్టి ఉంచుతుంది.

షడ్జమే కదిలితే

మూడో పద్ధతి గ్రహభేదం. ఇక్కడ స్వరాలు మారవు, ఆధారం మారుతుంది. వినడానికి ఇది అన్నిటికంటే తేలికగా తోస్తుంది. కానీ అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

షడ్జం 240 అనుకుంటే మోహనం స్వరాలు ఇలా వస్తాయి: రిషభం 270, గాంధారం 300, పంచమం 360, ధైవతం 400. నిష్పత్తులు వరుసగా 9/8, 5/4, 3/2, 5/3. ఇప్పుడు గాంధారాన్ని, అంటే 300ను, కొత్త షడ్జంగా చేసుకుందాం. 360 దానికి 6/5 రెట్లు. అది సాధారణ గాంధారం. 400 దానికి 4/3 రెట్లు, శుద్ధ మధ్యమం. పై షడ్జం 480 దానికి 8/5, శుద్ధ ధైవతం. పై రిషభం 540 దానికి 9/5, కైశికి నిషాదం. ప్రతి స్వరమూ చక్కని చిన్న భిన్నంగా వచ్చింది. హిందోళం మచ్చ లేకుండా అమరింది.

ఈసారి రిషభాన్ని, అంటే 270ను, షడ్జంగా తీసుకుని మధ్యమావతికి వెళదాం. దాని పంచమం 270కి ఒకటిన్నర రెట్లు, అంటే 405 ఉండాలి. మన దగ్గర ఉన్న ధైవతం 400. నిష్పత్తి 3/2కు బదులు 40/27. చూడటానికి తేడా అయిదు హెర్ట్జే. కానీ కొత్త షడ్జం మూడో అనుస్వరం 810, ఈ పంచమం రెండో అనుస్వరం 800. సెకనుకు పది విస్పందనాలు. రాగానికి వెన్నెముక వంటి పంచమమే వణికిపోతుంది.

సరే, ధైవతాన్ని 405కు పెంచేద్దామా? మధ్యమావతి కుదుటపడుతుంది. కానీ ఇప్పుడు హిందోళం చెడిపోతుంది. దాని మధ్యమం 400 ఉండాల్సిన చోట 405 అయింది. షడ్జం నాలుగో అనుస్వరం 1200, మధ్యమం మూడో అనుస్వరం 1215. సెకనుకు 15 విస్పందనాలు. అంటే ఒక్క ధైవతంతో రెండు రాగాలనూ సంతృప్తి పరచడం కుదరదు. 400కూ 405కూ మధ్య ఉన్న 81/80 అనే ఈ చిన్న ఎడమే ఇక్కడి చిక్కు. దీన్ని ఎవరూ తప్పు చేసి తెచ్చిపెట్టలేదు. 3, 5 అనే సంఖ్యల ఘాతాలు ఎక్కడా సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడకపోవడమే దీనికి మూలం.

ఇలాంటిదే మరొకటి ఉంది. షడ్జం నుంచి పంచమం, ఆ పంచమానికి పంచమం, ఇలా 12 సార్లు పైకి వెళితే మళ్లీ షడ్జానికే చేరాలి. కానీ 3/2ను 12 సార్లు గుణిస్తే 129.75 వస్తుంది. ఏడు స్థాయిల పైనున్న షడ్జం 128 రెట్లే. వలయం ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు.

సర్దుబాటు, దాని మీద వివాదం

ఐరోపాలో మెట్ల వాయిద్యాలకు ఈ చిక్కు పెద్ద ఇబ్బంది అయింది. ఒక్కో మెట్టుకు ఒకే ధ్వని ఉంటుంది కాబట్టి ఆధారం మార్చినప్పుడల్లా శ్రుతి చేయడం కుదరదు. చివరకు స్థాయిని 12 సమాన భాగాలుగా విడగొట్టారు. ప్రతి మెట్టూ కిందిదానికి 1.05946 రెట్లు. 12 సార్లు గుణిస్తే సరిగ్గా రెండు. ఇందులో పంచమం 1.4983, దాదాపు శుద్ధమే. కానీ గాంధారం 1.25కు బదులు 1.26. పైన చూసిన 302.4 హెర్ట్జ్ గాంధారం ఇక్కడిదే. మన ధైవతం 403.6 అవుతుంది, అంటే 400కూ 405కూ మధ్యలో. ఏ రాగానికీ పూర్తిగా చెందదు, ఏ రాగాన్నీ పూర్తిగా పాడుచేయదు.

హార్మోనియం ఈ సర్దుబాటుతోనే మన దేశానికి వచ్చింది. తంబూరా పక్కన పెట్టి వింటే దాని గాంధారం పొడుగుగా ఉందని విద్వాంసులకు తెలిసిపోయింది. పైగా అది గమకం పలికించలేదు. ఈ విమర్శల నడుమ ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాల తర్వాత, 1971లో, ఆ నిషేధాన్ని సడలించడం మొదలుపెట్టింది. ఈలోగా ఆ పెట్టె భజనల్లో, నాటకాల్లో, కచేరీల్లో తన చోటు సంపాదించుకుంది. రెండు పక్షాల వాదనలోనూ నిజం ఉంది. హార్మోనియం ఏ శ్రుతికైనా క్షణంలో మారుతుంది. ఆ సౌకర్యానికి చెల్లించిన వెల ఆ కొద్ది హెర్ట్జ్‌ల గాంధారం.

గొంతుకూ వయొలిన్‌కూ ఈ బెడద లేదు. అవి అవసరాన్ని బట్టి 400 దగ్గరా 405 దగ్గరా నిలబడగలవు. వీణకు మెట్లు ఉన్నా, తీగను పక్కకు లాగి ధ్వనిని కొంచెం పైకి తీసుకెళ్లవచ్చు. బొబ్బిలి వీణ 24 మెట్ల మీద అంత సూక్ష్మమైన తేడాలు పలికేది వైణికుల వేలి ఒత్తిడి వల్లనే. అంతేకాక, మన స్వరాలు చాలావరకు ఒకచోట కదలకుండా నిలిచేవి కావు. గమకంతో ఊగుతూ ఉంటాయి. పైన చెప్పిన నిష్పత్తులు ఆ ఊగిసలాటకు ఆనవాళ్లు మాత్రమే. స్వరం ఎక్కువసేపు నిలిచే చోట ఈ లెక్క బిగుస్తుంది, వేగంగా జారిపోయే చోట సడలుతుంది.

చెవి షడ్జాన్ని ఎలా పట్టుకుంటుంది?

ఐదు స్వరాలూ అవే అయినప్పుడు, ఇప్పుడు వినిపిస్తున్నది మోహనమా హిందోళమా అన్నది మెదడుకు ఎలా తెలుస్తుంది? దీని మీద 1984లో కాస్టెల్లానో, భరుచా, క్రుమ్‌హాన్సెల్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఉత్తర భారత రాగాలు వినిపించి, ఆ వెంటనే ఒక్కో స్వరం వినిపించి, అది ఎంత అతికిందో చెప్పమన్నారు. వినేవారిలో భారతీయులూ ఉన్నారు, పాశ్చాత్యులూ ఉన్నారు. ఇరువర్గాలూ షడ్జ పంచమాలకు ఎక్కువ మార్కులు ఇచ్చారు. ఎక్కువసేపు వినిపించిన స్వరాలను ఇద్దరి మెదళ్లూ ముఖ్యమైనవిగా పట్టుకున్నాయి. అయితే రాగం వెనుక ఉన్న థాట్‌ను, అంటే వినిపించని స్వరాలతో సహా ఆ స్వర కుటుంబాన్ని, గుర్తించినట్టు కనిపించింది భారతీయ శ్రోతల్లోనే.

బాణీ కట్టేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. గ్రహభేదంలో కొత్త షడ్జం దానంతట అది నిలబడదు. దాని మీద ఎక్కువసేపు ఆగాలి, వాక్యాలు దాని దగ్గర ముగియాలి, వీలైతే కింద మోగే ఆధార శ్రుతి కూడా దానికే మారాలి. తంబూరా పాత షడ్జాన్నే పలుకుతుంటే, మృదంగం కూడా దానికే శ్రుతి చేసి ఉంటే, వినేవారు కొత్త రాగాన్ని పాత రాగంలో ఒక మలుపుగానే తీసుకుంటారు. కచేరీల్లో గ్రహభేదాన్ని క్లుప్తంగా చూపి వెంటనే అసలు షడ్జానికి వచ్చేయడానికి ఇదొక కారణం. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం దీనికి పేరుపొందిన గాయకుల్లో ఒకరు.

స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదన్నది కూడా ఇక్కడే అర్థమవుతుంది. హిందుస్తానీలో భూప్, దేశ్‌కార్ రెండింటివీ అవే ఐదు స్వరాలు, షడ్జమూ అదే. భూప్‌లో గాంధారం ప్రధానం, దేశ్‌కార్‌లో ధైవతం ప్రధానం. ఆ బరువు మారితే రాగమే మారిపోతుంది.

రెండూ ఒకేసారి మోగితే

నాలుగో పద్ధతి పాశ్చాత్య స్వరకర్తలు ప్రయత్నించినది. బేలా బార్టోక్ 1908లో పియానోకు రాసిన 14 చిన్న రచనల్లో మొదటిదానిలో ఒక చేతికి నాలుగు షార్పులు, రెండో చేతికి నాలుగు ఫ్లాట్లు ఇచ్చారు. ఇద్దరు వేర్వేరు దారుల్లో నడుస్తూ మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

మన రాగాలతో ఇది చేస్తే ఏమవుతుందో చూద్దాం. ఒకే షడ్జం మీద మోహనం, హిందోళం పేర్చితే వాటికి ఉమ్మడిగా ఉండేది షడ్జం ఒక్కటే. రెండూ కలిసి 12 స్వరస్థానాల్లో తొమ్మిదింటిని ఆక్రమిస్తాయి. మోహనం గాంధారం 300 దగ్గర, హిందోళం గాంధారం 288 దగ్గర ఒకేసారి మోగితే వాటి తేడా 12 హెర్ట్జ్. చెవి లోపలి పొరలో ఈ రెండూ ఇంచుమించు ఒకే ప్రాంతాన్ని కదిలిస్తాయి. ఈ ప్రాంతపు వెడల్పు 300 హెర్ట్జ్ దరిదాపుల్లో సుమారు 100 హెర్ట్జ్. దానిలోపల పడిన రెండు ధ్వనులు విడివిడిగా వినిపించక గరగరమంటాయి. వాటిని వేర్వేరు స్థాయిల్లో పెడితే, లేదా ఒకటి పలికాక మరొకటి పలికిస్తే, ఆ గరగర చాలా తగ్గుతుంది.

బాణీ కట్టేవారి చేతిలో

నేడు చాలా పాటలు కంప్యూటర్‌లోనే పుడుతున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్లు మామూలుగా 12 సమాన భాగాల పద్ధతితోనే తెరుచుకుంటాయి. అంటే హార్మోనియం మీద జరిగిన పాత చర్చ ఎవరికీ తెలియకుండానే ప్రతి పాటలోనూ తీర్పు పొందుతోంది. కానీ హార్మోనియానికి లేని వెసులుబాటు కంప్యూటర్‌కు ఉంది. ప్రతి స్వరాన్నీ కొద్దిగా జరపవచ్చు.

కీబోర్డులో ఒక మెట్టును 100 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంటు అంటారు. మోహనంలో శుద్ధ స్వరాలు కావాలంటే రిషభాన్ని 4 సెంట్లు పెంచాలి, గాంధారాన్ని 14 తగ్గించాలి, పంచమాన్ని 2 పెంచాలి. ధైవతం దగ్గర మాత్రం ఎంచుకోవాలి. పాట మోహనం నుంచి హిందోళానికి వెళుతుంటే 16 సెంట్లు తగ్గించాలి. మధ్యమావతికి వెళుతుంటే 6 సెంట్లు పెంచాలి. రెండింటికీ వెళుతుంటే దారిలో ఎక్కడో ఒకచోట ధైవతాన్ని మార్చాలి. అది నిలకడగా మోగుతున్నప్పుడు కాక, విరామంలోనో వేగంగా సాగే సంచారంలోనో మారిస్తే ఎవరికీ తెలియదు.

దీన్ని పరీక్షించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఫోనులో తంబూరా యాప్ పెట్టి, అదే శ్రుతిలో కీబోర్డు మీద అంతర గాంధారాన్ని నొక్కి పట్టుకుని వినాలి. సన్నని వణుకు వినిపిస్తుంది. తర్వాత తంబూరాకే చెవి ఒగ్గి, ఆ వణుకు ఆగేవరకు గాంధారాన్ని గొంతుతో పలికి చూడాలి. గొంతు కీబోర్డు కంటే కొంచెం కిందికి దిగి నిలుస్తుంది. రెండు రాగాలను కలపబోయే ముందు ఆ కొద్దిపాటి దూరాన్ని చెవితో కొలిచి చూసుకున్నవారికి, ఏ స్వరం దగ్గర వంతెన కట్టాలో, ఏ స్వరం దగ్గర ఆగకూడదో ముందే తెలుస్తుంది.